ఇంటిల్లిపాదితో తీర్థన్ లోయకి

డెబ్భైకి దగ్గరపడిన మామ్మ, రెండో తరగతి పిల్ల, ఇంటర్ పాసయిన కుర్రాళ్ళు ఒకే జట్టులో ఉన్నప్పుడు ఏ కొండకి వెళ్ళాలన్నది సగం క్యాలెండరే తేల్చేస్తుంది. మిగతా సగం తేల్చేది మామ్మ మోకాళ్ళు. విజయనగరం ఎండకి తాళలేక మా వీధిలో కొన్ని కుటుంబాలు కలిసి కొండల్లో ఏదైనా నేషనల్ పార్కు చూద్దామనుకున్నప్పుడు నేను గట్టిగా పట్టుబట్టింది ఈ రెండు విషయాల మీదే.

అందరి నోటా ముందొచ్చిన పేరు ఉత్తరాఖండ్‌లోని వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్. ఆ పార్కు జూన్ 1న తెరుస్తారు. పూలు విరగబూసేది జులై, ఆగస్టుల్లో. మన బళ్ళేమో జూన్ 12కల్లా తెరిచేస్తారు. పైగా పార్కు లోపల బస లేదు. ఘాంఘరియా అనే ఊళ్ళో దిగి, పొద్దున్నే లోయలోకి వెళ్ళి, సాయంత్రానికి బయటికి వచ్చేయాలి. ఆ ఘాంఘరియాయే దాదాపు మూడు వేల మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడికి చేరాలంటేనే గంటల తరబడి ఎక్కుడు. పూలింకా రాని లోయ కోసం పెద్దావిణ్ణి గుర్రమెక్కించడం నాకు సబబనిపించలేదు. అది కాలేజీ పిల్లలు వానాకాలంలో వెళ్ళాల్సిన చోటు.

రెండోది కేరళలోని ఎరవికులం. ధన్‌బాద్–అలెప్పీ బండి మన స్టేషన్లోనే ఎక్కి ఆలువాలో దిగితే అక్కణ్ణుంచి మున్నార్‌కి రోడ్డు. నీలగిరి తార్ అనే కొండమేకలు ఈనే కాలమని ఫిబ్రవరి, మార్చి నెలల్లో పార్కు మూసి, మామూలుగా ఏప్రిల్‌లో తెరుస్తారు. లోపలికి పార్కు బస్సులోనే తీసుకెళ్తారు, ఆ తర్వాత చదును చేసిన దారిలో కాస్త నడక. పెద్దవాళ్ళకి ఇంతకన్నా సుఖం ఉండదు. కానీ ఒక్క పూటలో అయిపోతుంది. సెలవు తక్కువ దొరికేవాళ్ళు మరో ఆలోచన లేకుండా ఎరవికులమే వెళ్ళొచ్చు.

మేం ఎంచుకున్నది హిమాచల్‌లో కుల్లూ జిల్లాలోని గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్క్. 1999లో పూర్తిస్థాయి పార్కుగా ప్రకటించారు, 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. విస్తీర్ణం 754 చదరపు కిలోమీటర్లు. లోపలికి మోటారు రోడ్డు లేదు. పర్మిట్ తీసుకుని నడిచి వెళ్ళాల్సిందే. "మరి మామ్మ సంగతేటి?" అని మా వదిన అడిగింది. నిజానికి మామ్మ కోసమే ఈ పార్కు. దాని అంచున ఎకోజోన్ అని ఊళ్ళున్న ప్రాంతం ఉంది, తీర్థన్ నది అందులోంచే పారుతుంది. గుషైనీ అనే ఊళ్ళో నది ఒడ్డున బస పెట్టుకుంటే నడవగలిగినవాళ్ళు గైడుతో పార్కు వైపు వెళ్తారు, నడవలేనివాళ్ళు నీళ్ళ పక్కనే కూర్చుంటారు, రాత్రి భోజనానికి అందరూ ఒకచోట ఉంటారు. జట్టుగా వెళ్ళేటప్పుడు రోజుకో ఊరు మారడం కంటే ఇలా ఒకేచోట ఉండడమే మేలని నా గట్టి నమ్మకం. పొద్దున్నే సామాన్లు సర్ది, పిల్లల్ని లేపి, బండెక్కించడంలోనే సగం సెలవు హరించుకుపోతుంది.

ప్రయాణం దూరమే. సమతా ఎక్స్‌ప్రెస్ మన స్టేషన్ నుంచే బొబ్బిలి, రాయగడ మీదుగా హజ్రత్ నిజాముద్దీన్‌కి వెళ్తుంది కాబట్టి బండి మారే పని లేదు, శ్రీకాకుళం వాళ్ళు ఇక్కడికొచ్చి ఎక్కితే చాలు. ఒక టికెట్‌పై ఆరుగురికే బుకింగ్, అందుకని జట్టుని విడగొట్టక తప్పదు. ప్రతి టికెట్‌లో ఒక పెద్దాయనో పెద్దావిడో ఉండేలా చూసుకోండి. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు, వేసవిలో ఆ రోజు పొద్దున్నే కూర్చోవాలి.

ఢిల్లీ నుంచి మనాలి వెళ్ళే రాత్రి బస్సెక్కి ఔట్ అనే ఊరి దగ్గరి సొరంగానికి ముందే దిగాలి. నిద్రమత్తులో సొరంగం దాటిపోతే వెనక్కి రావాలి, కండక్టర్‌కి ముందే చెప్పి ఉంచండి. అక్కణ్ణుంచి బంజార్, బంజార్ నుంచి సుమారు పది కిలోమీటర్లకి గుషైనీ. మేం ఢిల్లీలోనే మాట్లాడుకున్న టెంపో ట్రావెలర్ డ్రైవర్ బంజార్‌లో ఆపేసి, పైకి వెళ్ళాలంటే ఇంకా డబ్బివ్వమన్నాడు. మామ్మ బండి దిగకుండానే "డబ్బులన్నీ ఆడికే ఇచ్చీసి నన్నిక్కడే ఒగ్గీండి" అంది. బసవాళ్ళకి ఫోన్ చేస్తే ఊళ్ళోంచి రెండు జీపులు పంపించారు. ఢిల్లీ బండి ఔట్ వరకే మాట్లాడుకుని, మిగతాది స్థానిక జీపుల్లో వెళ్ళడం అన్నివిధాలా మంచిది. ఆ సన్నటి రోడ్ల మలుపులు వాళ్ళకే తెలుసు.

బస బుక్ చేసేటప్పుడు గది ఫొటోల కంటే ముందు అడగాల్సింది, రోడ్డు నుంచి గది దాకా ఎన్ని మెట్లున్నాయని. అక్కడ కొన్ని ఇళ్ళు నదికి అవతల ఉంటాయి. తీగ మీద లాగే తొట్టిలో కూర్చుని దాటాలి. పిల్లలకి సంబరమే గానీ నడుంనొప్పి ఉన్నవాళ్ళకి కష్టం. మేం ఉన్న ఇల్లు రోడ్డు పక్కనే. చెక్క గదులు, మందపాటి రజాయిలు, పొద్దున్న బకెట్ వేడినీళ్ళు. సాయంత్రం వేడినీళ్ళు అడిగి పెట్టించుకోవాలి. అన్నం, రాజ్మా రోజూ ఉండేవి. గోధుమపిండి ముద్ద లోపల గసగసాలు, అక్రోట్లు కూరి ఆవిరి మీద ఉడికించే సిడ్డూని నెయ్యిలో ముంచి పెట్టారు, మామ్మ రెండు తింది. ఆవకాయ సీసా మాత్రం తప్పకుండా తీసుకెళ్ళండి, ఆ ఇంటివాళ్ళకి కూడా తెగ నచ్చింది. డబ్బు నోట్ల రూపంలో ఉంచుకోండి, గుషైనీలో ఫోన్‌ని నమ్ముకుంటే పని జరగదు.

లోపలికి నడిచే దారి నది వెంబడే సాగుతుంది. కుర్రాళ్ళు రోల్లా క్యాంపు దాకా వెళ్ళి రాత్రి డేరాలో పడుకుని వచ్చారు. మిగతా మేం నాలుగడుగులు వేస్తూ, ఆగుతూ, గేటుకి ముందే వెనుదిరిగాం. జుజురానా అనే అరుదైన వన్య కోడిని చూడాలని మా పిల్ల ఆశపడింది. అది పై అడవుల్లో ఉంటుంది, మాకు కనబడలేదు. గైడు విషయంలో మాత్రం బేరాలాడకండి. పార్కు ఏర్పడ్డాక లోపల గొర్రెలు మేపుకునే, మూలికలు ఏరుకునే హక్కు పోయింది ఈ ఊళ్ళవాళ్ళకే. గైడు పని, సామాన్లు మోసే పని ఇప్పుడు వాళ్ళలో చాలామందికి కూడు పెడుతున్నాయి. మనమిచ్చే కూలి ఆ అడవి నిలబడడానికి ఖర్చుపెట్టినట్టే.

ఒకరోజు జీపులో జలోరీ కనుమకి వెళ్ళాం. సుమారు 3,120 మీటర్ల ఎత్తు, మన తూర్పు కనుమల్లోని అర్మకొండకి దాదాపు రెట్టింపు. అక్కణ్ణుంచి సెరోల్సర్ చెరువు దాకా ఐదు కిలోమీటర్లు ఓక్ చెట్ల నీడలో దారి, పెద్ద ఎక్కుళ్ళు లేవు. బయల్దేరే ముందు కొన్ని వారాలు రామతీర్థం కొండ మెట్లెక్కి అలవాటు చేసుకున్నవాళ్ళు ఆయాసం లేకుండా వెళ్ళొచ్చారు. మామ్మ కనుమ మీదున్న అమ్మవారి గుడి దగ్గరే కూర్చుంది.

మే రెండో వారం నుంచి జూన్ మొదటి వారం వరకు మంచి కాలం. పగలు పల్చటి చొక్కా చాలు, రాత్రికి స్వెటర్ కావాలి. వానలు పట్టాక మాత్రం వెళ్ళకండి. 2023 జులైలో కుల్లూ, మండీ జిల్లాల్లో వరదలకి రోడ్లే కొట్టుకుపోయాయి. వేసవిలో కూడా గట్టి వాన పడితే కొండరాళ్ళు జారి దారి మూసుకుపోవచ్చు. అందుకని తిరుగు రైలుకి ముందు ఢిల్లీలో ఒక పూర్తి రోజు ఖాళీగా ఉంచుకోండి.