ఎయిర్ పిస్టల్‌కి బరువు పెల్లెట్లా, తేలికవా? ఆర్10 రెండు రకాలూ వాడి చూశాక

బెంగళూరులో ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటున్న మనవాళ్ళు బాగానే ఉన్నారు, మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు ఐటీలో పనిచేస్తూ శని, ఆదివారాలు రేంజ్‌కి వచ్చేవాళ్ళు. గన్‌లో వేసే చిన్న సీసం గుండునే పెల్లెట్ అంటారు, దాని గురించి కొత్తగా చేరినవాళ్ళు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "అన్నా, బరువు పెల్లెట్ అయితే గురి బాగా కుదురుతుందంట కదా?" బరువు చూసి కుదిరేది ఏమీ లేదు. కొలత చూసి కొనండి.

నేను వాడింది జర్మనీ నుంచి వచ్చే ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్10 మ్యాచ్. డబ్బాకి 500. ఇందులో పిస్టల్ కోసం చేసింది 0.45 గ్రాములు, అంటే 7 గ్రెయిన్లు (గుళ్ళ బరువు చెప్పే కొలత). రైఫిల్ కోసం చేసింది 0.53 గ్రాములు, 8.2 గ్రెయిన్లు. రెండూ 4.5 మి.మీ. క్యాలిబరే (బ్యారెల్ గొట్టం వెడల్పు), రెండిటికీ ముందు భాగం చదునుగా ఉంటుంది కాబట్టి కాగితం మీద చిల్లు గుండ్రంగా, అంచు చిరగకుండా పడుతుంది, స్కోరు దగ్గర తగాదా ఉండదు. నాది గాలి సిలిండర్‌తో నడిచే పీసీపీ పిస్టల్. దాన్ని ఇసుక సంచి మీద ఆనించి, నా చెయ్యి వణకడం లెక్కలోకి రాకుండా, రెండు రకాలూ మార్చి మార్చి కాల్చాను.

బరువుది కాగితం మీద కాస్త కిందికి పడింది, అంతే తేడా. తోసే గాలి అంతే కదా, పెల్లెట్ బరువెక్కితే వేగం తగ్గుతుంది. తేలికది సెకనుకి 150 మీటర్లు వెళ్తే అదే శక్తికి బరువుది సుమారు 138 దగ్గర ఆగుతుంది, పది మీటర్లు చేరేసరికి నాలుగైదు మిల్లీమీటర్లు దిగుతుంది. గురి చూసే సైట్ మర రెండు మూడు క్లిక్కులు తిప్పితే సరిపోయే విషయం. గ్రూప్ మాత్రం బిగుసుకోలేదు, అంటే చిల్లులు ఇంకా దగ్గర దగ్గరగా ఏమీ పడలేదు. పైగా బరువుది బ్యారెల్ లోపల కాస్త ఎక్కువసేపు ఉంటుంది, ట్రిగ్గర్ నొక్కాక మణికట్టు కదిలే అలవాటున్న మనలాంటి వాళ్ళకి అది మేలు చేసేదేమీ కాదు. పిస్టల్‌కి తేలికది పెట్టడంలో అర్థం అదే. ఇండోర్ రేంజ్‌లో గాలి వీచదు కాబట్టి బరువు వల్ల వచ్చే లాభం కూడా అక్కడ కనిపించదు. ఆరుబయట ముప్పై మీటర్లు కాల్చేవాళ్ళ లెక్క వేరు, వాళ్ళకి బరువైన, గుండ్రటి తల ఉన్న పెల్లెట్లు నిజంగానే పనికొస్తాయి. స్ప్రింగ్ పిస్టన్‌ని తోస్తే ఆ గాలితో పేలే స్ప్రింగ్ గన్ ఉన్నవాళ్ళు మాత్రం మరీ తేలికవి వెయ్యకండి, ముందు అడ్డు చాలక పిస్టన్ పోయి గట్టిగా గుద్దుకుంటుంది, స్ప్రింగ్ పాడవుతుంది.

ఇక కొలత. ఆర్10 డబ్బా మీద 4.49 అనో 4.50 అనో ఉంటుంది, అది పెల్లెట్ తల వ్యాసం. మిల్లీమీటర్లో వందో వంతుకి ఇంత పట్టింపు ఎందుకని నేనూ అనుకునేవాణ్ణి గానీ నా పిస్టల్‌లో 4.50 పెడితే చిల్లు మీద చిల్లు పడుతోంది, 4.49 పెడితే అప్పుడప్పుడు ఒకటి పక్కకి పోతోంది. మీ గన్‌లో ఇది తిరగబడొచ్చు కూడా, ఒక్కో బ్యారెల్ ఒక్కో రకం, కాల్చి చూసుకోవలసిందే. డాలస్‌లో ఉండే మా బావకి మాగ్నమ్ రివాల్వర్ ఉంది, అక్కడ చట్టం ఒప్పుకుంటుంది కాబట్టి సీసం గుళ్ళు తెచ్చుకుని తూటాలు తనే తయారు చేసుకుంటాడు. ఆ .44 మాగ్నమ్ గుండు 240 గ్రెయిన్లు, ఇంకా బరువు కావాలనుకునేవాళ్ళు 300 దాకా పోతారట. మన పెల్లెట్ ఏడు గ్రెయిన్లు! అయినా ఆయన చెప్పేదీ ఇదే: "ముందు సైజు చూసుకో బావా, బరువు సంగతి తర్వాత." రివాల్వర్‌లో తూటాలు పెట్టే సిలిండర్ రంధ్రానికి గుండు సన్నగా ఉంటే వెనకనుంచి వేడి గ్యాస్ పక్కల్లోంచి జారి సీసాన్ని కరిగిస్తుందట, అది బ్యారెల్ లోపల పూతలా అంటుకుని గురి చెడిపోతుందట. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు చేస్తే ఆయుధాల చట్టం కింద కేసు, అది చూసి సరదా పడకండి.

కొనే చోటు గురించి కూడా చెప్పాలి. శివాజీనగర్ వైపు ఒక షాపులో డబ్బా విప్పి, పెల్లెట్లు చిన్న కవర్లో పోసి విడిగా అమ్ముతున్నారు. నేను తెచ్చుకున్న కవర్లో చాలావాటికి వెనక అంచు నొక్కుకుపోయి ఉంది. ఆ పల్చటి అంచే గాలికి విచ్చుకుని బ్యారెల్‌ని మూసేది, అది సొట్టపోతే జర్మనీ అయినా జపాన్ అయినా ఒకటే. అడిగితే "సార్, అందరూ అలాగే తీసుకెళ్తున్నారు" అన్నాడు. సీల్ ఉన్న డబ్బా ఇస్తేనే తీసుకోండి, ధర కాస్త ఎక్కువైనా.

సీసం కాబట్టి కాల్చాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా సమోసా ముట్టుకోవద్దు, పెల్లెట్లు నోట్లో పెట్టుకునే అలవాటు ఉన్న అంకుల్ ఒకాయన మా రేంజ్‌లో ఉన్నాడు, దయచేసి ఆయన్ని చూసి నేర్చుకోకండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే డబ్బా బీరువా పైన పెట్టండి.

నా ఓటు ఆర్10 పిస్టల్ 0.45 గ్రాములకే, ఐదుకి నాలుగున్నర. మీ గన్‌కి నప్పే కొలత తెలిశాక ఒకే లాట్ నంబరువి (ఒకే విడతలో తయారైనవి) రెండు మూడు డబ్బాలు ఒకేసారి తీసిపెట్టుకోండి, లాట్ మారితే మళ్ళీ కాల్చి చూసుకోవాలి.