జట్టు వాళ్లదే, ఛానల్ వాళ్లదే, తీగ కూడా వాళ్లదే: కెనడాలో పన్నెండు హాకీ సీజన్ల అనుభవం

ఒక వస్తువును పన్నెండేళ్లు వాడినవాడికి దాని గుణదోషాలు చెప్పే హక్కు ఉంటుందని నా నమ్మకం. మిక్సీ గురించైతే ఎవరైనా వింటారు. నేను చెప్పబోయేది మాత్రం కెనడాలో హాకీ ప్రసారం గురించి. 2014-15లో మొదలుపెట్టాను, ఇప్పుడు పన్నెండో సీజన్. మధ్యలో మానేస్తానని కనీసం నాలుగుసార్లు ఇంట్లో ప్రకటించాను. ఎవరూ నమ్మలేదు.

టొరంటో పక్కన మిస్సిసాగాలో ఉంటాను. 2013 అక్టోబరులో ఈ దేశంలో దిగినప్పుడు నా దృష్టిలో హాకీ అంటే గడ్డి మైదానం, వంపు కర్ర, ధ్యాన్‌చంద్. ఇక్కడ హాకీ అంటే మంచు. ‘ఐస్ హాకీ’ అన్నానంటే ఆఫీసులో చిన్నగా నవ్వేవారు, నీటిలో ఈత అన్నట్టుందట. నేను వచ్చి రెండు నెలలు కాకముందే, నవంబరు 26న ఆఫీసంతా ఒకటే చర్చ. రోజర్స్ అనే టెలికాం కంపెనీ, అమెరికా, కెనడా జట్లు కలిసి ఆడే పెద్ద లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ హాకీ ప్రసార హక్కులను దేశమంతటికీ, 12 ఏళ్లకు, 520 కోట్ల పైచిలుకు కెనడా డాలర్లకు కొనేసింది. నాకు ఫోను కనెక్షన్ కూడా సరిగా కుదరని రోజులవి. ఫోను కంపెనీకి ఆటతో ఏం పని అనుకున్నాను. పదేళ్ల తర్వాత మా నాన్న సరిగ్గా అదే ప్రశ్న వేశారు, ఆ సంగతికి వస్తాను.

ముందు ఎవరిది ఏమిటో చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. టొరంటో మేపుల్ లీఫ్స్ అనే హాకీ జట్టు, రాప్టర్స్ అనే బాస్కెట్‌బాల్ జట్టు, ఇంకో రెండు మూడు జట్లు, అవి ఆడే స్కోషియాబ్యాంక్ అరీనా, అన్నీ కలిపి ఒకే సంస్థ చేతిలో ఉన్నాయి. దాని పేరు మేపుల్ లీఫ్ స్పోర్ట్స్ అండ్ ఎంటర్‌టైన్‌మెంట్. అందులో పెద్ద వాటా ఒకప్పుడు ఒంటారియో టీచర్ల పింఛను నిధిది. 2011 డిసెంబరులో ఆ వాటాను 132 కోట్ల డాలర్లకు ఇద్దరు కలిసి కొన్నారు. ఆ ఇద్దరు ఎవరనుకున్నారు? బెల్, రోజర్స్. వీధి వీధిలో ఒకరి కస్టమర్లను ఒకరు లాక్కునే రెండు టెలికాం కంపెనీలు. చెరి 37.5 శాతం తీసుకున్నాయి, మిగతా పాతిక శాతం ల్యారీ టానెన్‌బామ్ అనే వ్యాపారిది. ఆటల ఛానళ్లు కూడా చెరో గుంపు: బెల్‌కు టీఎస్‌ఎన్, రోజర్స్‌కు స్పోర్ట్స్‌నెట్. బయట కోర్టుల దాకా పోయే దాయాదులు ఇంట్లో ఒకే పంక్తిలో కూర్చుని భోజనం చేసినట్టు దాదాపు పదమూడేళ్లు నడిచింది ఆ కాపురం. 2024 సెప్టెంబరులో బెల్ తన వాటాను 470 కోట్ల డాలర్లకు రోజర్స్‌కే అమ్ముతున్నట్టు ప్రకటించింది, 2025 జులై 1న అది పూర్తయింది. ఇప్పుడు ముప్పావు వంతు రోజర్స్‌ది. బేస్‌బాల్ జట్టు బ్లూ జేస్, అది ఆడే స్టేడియం ఎప్పటినుంచో వాళ్లవే.

ఈ మధ్యలో, 2025 ఏప్రిల్‌లో, హక్కులను మరో 12 ఏళ్లకు పొడిగించుకున్నారు. ఈసారి 1,100 కోట్ల డాలర్లు. ఏడాదికి సుమారు 92 కోట్లు. కెనడా జనాభా నాలుగు కోట్ల పైచిలుకు, అంటే హాకీ ముఖం చూడని ముసలమ్మనూ ఉయ్యాలలో పసిబిడ్డనూ కలిపినా తలకు ఇరవై రెండు డాలర్లు. చూడనివాళ్లు కట్టరు కాబట్టి వాళ్ల వంతు కూడా ఎవరి బిల్లులోకి వచ్చి చేరుతుందో వేరే చెప్పనక్కరలేదు.

సరే, వాడకం సంగతి. మొదటి రెండేళ్లూ నిజంగా బాగున్నాయి. అంతకుముందు శనివారం రాత్రి ప్రభుత్వ ఛానల్ సీబీసీలో వచ్చే ‘హాకీ నైట్ ఇన్ కెనడా’ ఒక్కటే పండగలా ఉండేదట. కొత్త ఒప్పందంతో ఒకే రాత్రి నాలుగైదు ఛానళ్లలో వేర్వేరు మ్యాచ్‌లు. 1952 నుంచి టీవీలో వస్తున్న ఆ శనివారం కార్యక్రమం సీబీసీలోనే కొనసాగింది కానీ లోపల ఏర్పాటు మారింది. ప్రకటనల ఆదాయం రోజర్స్‌ది, సీబీసీకి దక్కేది కార్యక్రమం తమ తెర మీద వస్తోందన్న తృప్తి. ఇల్లు మనదే, వంట వాళ్లది, వసూళ్లు కూడా వాళ్లవే అన్నమాట. ఇంత ఖర్చు పెట్టిన రెండో ఏడాదే, 2016 వసంతంలో, కెనడాలోని ఏడు జట్లలో ఒక్కటి కూడా కప్పు కోసం ఆడే చివరి పోటీలకు, అంటే ప్లేఆఫ్స్‌కు, చేరలేదు. 1970 తర్వాత అలా జరగడం అదే మొదలు. మామిడితోటను గుత్తకు తీసుకున్న ఏడాదే పూత రాలిపోయినట్టు. ఆ ఏప్రిల్‌లో మాత్రం కంపెనీ మీద నాకు జాలి కలిగింది. మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

అసలు చిక్కు నేను ఉద్యోగం కోసం పశ్చిమాన ఆల్బర్టా రాష్ట్రంలోని కాల్గరీ వెళ్లాక తెలిసింది. అది 2016 శరదృతువు. సరిగ్గా ఆ ఏడే మా లీఫ్స్ జట్టులోకి ఆస్టన్ మాథ్యూస్ వచ్చాడు. మొదటి మ్యాచ్‌లోనే నాలుగు గోల్స్ కొట్టాడు. అది జాతీయ ప్రసారం కాబట్టి చూశాను. ఆ వారంలోనే మరో మ్యాచ్ కోసం కూర్చుంటే తెర మీద నల్లటి పలక, ‘మీ ప్రాంతంలో ఈ ప్రసారం లేదు’ అని. దీన్ని బ్లాక్‌అవుట్ అంటారు. ప్రతి జట్టుకూ కొంత భూభాగం రాసిచ్చారు, జమీందారుకు పరగణా ఇచ్చినట్టు. జాతీయ మ్యాచ్‌లు అందరికీ కనిపిస్తాయి. ప్రాంతీయ మ్యాచ్‌లు ఆ పరగణాలోని వారికే. ఆల్బర్టాలో కూర్చుని టొరంటో జట్టును ప్రేమిస్తే దానికి వేరే ప్యాకేజీ, వేరే డబ్బు. అదీ కట్టాను. కట్టాక తెలిసింది, ఆ ప్యాకేజీలో అక్కడి జట్టు కాల్గరీ ఫ్లేమ్స్ ప్రాంతీయ మ్యాచ్‌లు రావు, అవి చూడాలంటే మళ్లీ కేబుల్. మర్నాడు ఆఫీసులో అందరూ ఫ్లేమ్స్ గురించి మాట్లాడుతుంటే నేను టీ కప్పు పట్టుకుని తల ఊపేవాణ్ని.

రెండేళ్ల తర్వాత మిస్సిసాగాకు తిరిగొచ్చాను. ఇక మన పరగణాలోకి వచ్చేశాం కదా అని సంబరపడ్డాను. ఇక్కడ మరో ముడి. లీఫ్స్ ప్రాంతీయ మ్యాచ్‌లు సగం స్పోర్ట్స్‌నెట్‌లో, సగం టీఎస్‌ఎన్‌లో. ఇద్దరు యజమానులూ పెరుగుగిన్నెను పంచుకున్నట్టు సీజన్‌ను పంచుకున్నారు. 2024-25 నుంచి సోమవారం జాతీయ మ్యాచ్‌లను రెండు సీజన్లకు అమెజాన్ ప్రైమ్‌కు ఇచ్చారు. ఒక జట్టు, ఒక సీజన్, మూడు చందాలు. ఇంటర్నెట్ బిల్లు నాలుగోది.

నా కనెక్షన్ ఏ కంపెనీదో చెప్పను. వాళ్లతో నా సంబంధం రెండేళ్లకోసారి ఫోనులో నడుస్తుంది. రెండేళ్ల తగ్గింపు ధర ముగిసిన నెల బిల్లు చెట్టెక్కుతుంది. ఫోను చేస్తే ముందు ఇరవై నిమిషాల సంగీతం, ఆ తర్వాత ఒక మంచి గొంతు. ‘కనెక్షన్ తీసేయండి’ అన్నాకే వేరే విభాగానికి కలుపుతారు. అక్కడ మరో మంచి గొంతు, మరో రెండేళ్ల తగ్గింపు, దానితోపాటు ‘ఉచితంగా ఆరు నెలలు స్పోర్ట్స్ ఛానళ్లు’. ఏడో నెలలో తీసేయమని గుర్తుపెట్టుకుని చెప్పాల్సింది మనమే. ఒకసారి మరిచిపోయాను. ఆ ఏడాది ఎవరూ చూడని గోల్ఫ్ ఛానల్‌కు కూడా చందా కట్టాను.

అక్కడే నాకు వ్యవహారం అర్థమైంది. ఈ వ్యాపారంలో సరుకు హాకీ కాదు. హాకీ ఎర. అమ్మేది తీగ, నెల నెలా బిల్లు, ఆ బిల్లును వదిలించుకోలేని ఒక అలవాటు. సినిమాలు, సీరియళ్లు రేపు చూసినా ఫరవాలేదు, మ్యాచ్ మాత్రం ఇవాళే చూడాలి. కేబుల్ తీగను పూర్తిగా కత్తిరించే ధైర్యం చాలామందికి లేకపోవడానికి ఆ ఒక్క కారణం చాలు. ఇది మనకు కొత్తేమీ కాదు. ముంబై ఇండియన్స్ రిలయన్స్‌ది, జియో రిలయన్స్‌ది, 2023 నుంచి ఐదేళ్ల ఐపీఎల్ డిజిటల్ హక్కులను 23,758 కోట్ల రూపాయలకు కొన్నదీ రిలయన్స్‌కు చెందిన వయాకామ్18. మన హైదరాబాద్ సన్‌రైజర్స్ యజమాని ఎవరు? జెమిని టీవీ నడిపే సన్ నెట్‌వర్క్. తేడా ఒక్కటే, అక్కడ 2023లో జియో సినిమాలో ఐపీఎల్‌ను ఉచితంగా చూపి అలవాటు చేశారు. ఇక్కడ అలవాటు వందేళ్ల నాటిది, ఉచితం అవసరం రాలేదు.

అన్నీ ఒకే చోట ఉంటే వచ్చే విచిత్రం 2022 జులై 8న దేశమంతా చూసింది. రోజర్స్ నెట్‌వర్క్ మొత్తం పడిపోయింది. ఫోన్లు లేవు, ఇంటర్నెట్ లేదు, కొట్లలో డెబిట్ కార్డులు పనిచేయలేదు. ఆ రాత్రి టొరంటోలో వాళ్ల సొంత స్టేడియంలో వీకెండ్ అనే గాయకుడి పెద్ద కచేరీ ఉంది, అది వాయిదా పడింది. కంపెనీ పేరు ఎర్రటి అక్షరాలతో వెలిగే గోడల ముందు నిలబడిన జనం చేతుల్లో, సిగ్నల్ లేని ఫోన్లు.

ప్రసారం నాణ్యత గురించి రెండు మాటలు. చిత్రం స్పష్టత అద్భుతం, పక్ (బంతికి బదులు వాడే నల్లటి రబ్బరు బిళ్ల) చివరి అంచు వరకూ కనిపిస్తుంది. వ్యాఖ్యానం చాలా రాత్రులు బాగుంటుంది. చిరాకు పెట్టేవి రెండే. 2022 ఏప్రిల్‌లో ఒంటారియోలో ప్రైవేటు పందాల కంపెనీలకు అనుమతి ఇచ్చారు. ఆనాటి నుంచి పీరియడ్ల (ఆటలోని మూడు భాగాల) మధ్య విరామం పందాల బజారుగా మారింది. తొమ్మిదేళ్ల మా అమ్మాయి ఒకరోజు గణితం పుస్తకం ముందు పెట్టుకుని, ‘ప్లస్ 150 అంటే వంద పెడితే నూటయాభై లాభం కదా నాన్నా?’ అని అడిగింది. లెక్క సరైనదే. నేను టీవీ కట్టేశాను. రెండోది, రింకు, అంటే మంచు మైదానం, చుట్టూ ఉండే బోర్డుల మీద 2022-23 నుంచి కంప్యూటర్‌తో వేస్తున్న ప్రకటనలు. ఆట నడుస్తుండగానే ఆటగాళ్ల వెనక బొమ్మలు మారిపోతుంటాయి. ఒక్కోసారి గోల్ కీపర్ భుజం కాస్త చెరిగిపోతుంది.

నాన్న 2023 చలికాలంలో వచ్చారు. తెనాలిలో టెలిఫోన్ డిపార్ట్‌మెంటులో లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. మొదటి రాత్రి బోర్డు మీద కారు కదలడం చూసి, ‘మంచు మీదికి కారు ఎందుకొచ్చిందిరా?’ అన్నారు. జట్టు ఎవరిదో చెప్పాను. చాలాసేపు ఆలోచించి, ‘టెలిఫోన్ వాళ్లకు ఆటగాళ్లతో పనేమిటి? మా కాలంలో హాకీ బాగా ఆడితే డిపార్ట్‌మెంటులో ఉద్యోగం ఇచ్చేవారు. రైల్వే జట్టు, పోలీసు జట్టు, అలా ఉండేవి. ఆడినవాడికి పింఛను కూడా వచ్చేది’ అన్నారు. ఇంతకుముందు ఈ జట్టు టీచర్ల పింఛను నిధిదేనని చెబితే ఆయన ముఖం వెలిగిపోయింది. ‘మరి ఎందుకు అమ్మారు?’ అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

నాన్నకు ఇంగ్లీషు వ్యాఖ్యానం వేగం అందలేదు. శనివారాలు ఆమ్ని ఛానల్‌లో హాకీ పంజాబీలో వస్తుంది. ఆయనకు పంజాబీ రాదు, హిందీ అంతంతమాత్రం. అయినా అదే పెట్టమనేవారు, ‘వీళ్లు మనవాళ్లలా అరుస్తారురా’ అని. పదిరోజుల్లో ‘కీతా గోల్!’ (గోల్ కొట్టాడు) ఆయన నోటికొచ్చింది. ఈ పంజాబీ వ్యాఖ్యానం 2008లో సీబీసీతో మొదలై, 2014 నుంచి రోజర్స్ వారి ఆమ్నిలో సాగుతోంది. ఇన్నేళ్లలో ఆ కంపెనీ ఖాతాలో నేను మనస్ఫూర్తిగా మార్కులు వేసేది దీనికే. తెలుగులో ఎప్పుడు వస్తుందని నాన్న అడిగారు. ముందు మనవాళ్లు రింకు ఎక్కాలి కదా అన్నాను. మా అమ్మాయి స్కేటింగ్ నేర్చుకుంటోంది, గోడ పట్టుకుని.

బిల్లు చూసి నాన్న చేసిన పని, అన్నేళ్లలో నాకు తట్టనిది. గాలిలో వచ్చే సిగ్నల్ ఉచితమేనా అని అడిగారు. ఉచితమే. ఒక యాంటెనా కొనిపించారు. టొరంటోలో టీవీ సిగ్నళ్లు వచ్చే సీఎన్ టవర్ ఏ దిక్కునో అడిగి తెలుసుకుని, బేస్‌మెంటు కిటికీ దగ్గర గంటసేపు అటూ ఇటూ తిప్పి సీబీసీ, సిటీ టీవీ, ఆమ్ని మూడూ పట్టారు. శనివారం మ్యాచ్‌లకు ఇక చందా అక్కర్లేదు. పైగా చిత్రం ముందే వస్తుంది. అది నాకు 2024 మే 4న తెలిసింది. ప్లేఆఫ్స్‌లో బోస్టన్‌తో తేల్చుకునే ఏడో మ్యాచ్, 1-1తో ఓవర్‌టైమ్, ముందు గోల్ కొట్టినవాళ్లదే గెలుపు. నేను పైన స్ట్రీమింగ్‌లో చూస్తున్నాను, నాన్న కింద యాంటెనా మీద. నా తెర మీద పక్ ఇంకా మధ్య గీత దగ్గరే ఉంది. కింద నుంచి ‘అయ్యో’ అని వినిపించింది. ఆ తర్వాత అర నిమిషం పాటు, ఏమి జరగబోతోందో తెలిసి, బోస్టన్ ఆటగాడు పాస్ట్రనాక్ గోల్ కొట్టడం చూశాను. 1967 నుంచి కప్పు లేని జట్టుకు అభిమానిగా ఉండటంలో ఇంతకంటే మర్యాదైన పద్ధతి లేదేమో.

ఈ సీజన్‌లో మళ్లీ మూడు చందాలూ కట్టాను. నాన్న తెనాలి వెళ్లిపోయారు. వెళ్లే ముందు కిటికీ గట్టు మీద పెన్సిల్‌తో ఒక గీత గీసి, పక్కన ‘టవర్’ అని తెలుగులో రాసి, బాణం గుర్తు వేశారు. శుభ్రం చేసేటప్పుడు యాంటెనా కదిలితే ఆ గీత మీదికి జరుపుతాను. శనివారాలు కిందికి వెళ్లే చూస్తాను.