రెండో గడిలో దాక్కున్న బ్రేకులు: ఆటోనగర్ షెడ్డు నుంచి పవర్ బీఐ రివ్యూ

నేను విజయవాడ ఆటోనగర్‌లో లారీలు రిపేరు చేసే షెడ్డులో లెక్కలు రాస్తుంటాను. పవర్ బీఐకి, అంటే లెక్కల్ని చార్టులుగా చూపించే మైక్రోసాఫ్ట్ వాళ్ల సాఫ్ట్‌వేర్‌కి, నేను రివ్యూ రాయడమేంటని నవ్వకండి, మూడు నెలల జాబ్ కార్డులు (బండి రిపేరుకొచ్చినప్పుడు రాసే చీటీలు) అందులో పోసి కుస్తీ పట్టాకే రాస్తున్నా.

మా జాబ్ కార్డులో కంప్లైంట్ 1, కంప్లైంట్ 2, కంప్లైంట్ 3 అని మూడు గడులుంటాయి. డ్రైవరు చెప్పింది చెప్పినట్టు అందులో రాస్తాం, సాయంత్రం నేను ఎక్సెల్‌లోకి ఎక్కిస్తా. ఓనరు గారు అడిగింది చిన్న ప్రశ్నే. "ఏ పని ఎక్కువ వస్తోందమ్మా? సరుకు దాన్నిబట్టి తెప్పిద్దాం."

మొత్తం 412 కార్డులు. కంప్లైంట్ 1 ని చార్టులోకి లాగితే క్లచ్ 118, సెల్ఫ్ మోటార్ 87, బ్రేక్ 61 అని వచ్చింది. బానే ఉందనుకుని చూపిస్తే మేస్త్రి గారు ఒంటికాలి మీద లేచారు. "బ్రేకులు మూడోదా? రోజూ లైనర్లు మార్చలేక నా చేతులు పడిపోతుంటే!" ఆయన మాటా నిజమే. డ్రైవరు బండిని ఆపేసిన జబ్బేదో అది ముందు చెప్తాడు, టీ తాగొచ్చాక "ఎలాగూ షెడ్డులో పెట్టాం కదా, బ్రేకులు కూడా ఓసారి చూడండి" అంటాడు. అలా బ్రేకులన్నీ రెండో గడిలోకీ మూడో గడిలోకీ పోయాయి.

సరే, మిగతా రెండు కాలమ్‌లు కూడా లాగితే అదే కలుపుతుందిలే అనుకున్నా. కలపదు. టేబుల్‌లో క్లచ్ పక్కన బ్రేక్, దాని పక్కన వైరింగ్ అంటూ జట్లు జట్లుగా విడగొట్టి చూపిస్తుంది. ఉత్త మొత్తమే కావాలంటే ఎక్సెల్‌లో ఒక మాట ఎన్నిసార్లుందో లెక్కపెట్టే కౌంటిఫ్ ఫార్ములా చాలు, మూడు కాలమ్‌లూ ఒకే రేంజిగా ఇస్తే ఠక్కున చెప్తుంది. కానీ ఏ నెలలో, ఏ మేస్త్రి దగ్గర అని అడిగితే ఒకేసారి రెండు మూడు షరతులు చూసే కౌంటిఫ్స్ కావాలి, దానికేమో రేంజిలన్నీ ఒకే సైజులో ఉండాలి, మూడు కాలమ్‌ల పక్కన ఒక కాలమ్ పెడితే ఎర్రరే.

పవర్ బీఐలో దీనికి మందు 'అన్‌పివట్'. ట్రాన్స్‌ఫార్మ్ డేటా నొక్కితే పవర్ క్వెరీ (చార్టుకి ముందు డేటాని సరిచేసుకునే చోటు) తెరుచుకుంటుంది, అక్కడ మూడు కంప్లైంట్ కాలమ్‌లూ పట్టుకుని అన్‌పివట్ కొడితే అడ్డంగా ఉన్నదంతా నిలువుగా మారిపోతుంది. యాట్రిబ్యూట్ అనే కాలమ్‌లో ఏ గడో, వాల్యూ అనే కాలమ్‌లో ఏ జబ్బో. ఇక వాల్యూని లెక్కపెట్టుకోవడమే. బ్రేక్ 175, క్లచ్ 151! మేస్త్రి గారి మొహం చూడాలి అప్పుడు.

నిజంగా ఖాళీగా ఉన్న గడుల్ని అదే వదిలేస్తుంది, అది మంచి పని. మా కుర్రాళ్లు మాత్రం ఖాళీ గడిలో చిన్న గీత కొట్టి పెట్టారు, గీత ఖాళీ కాదుగా, చార్టులో దానికీ ఒక కడ్డీ లేచింది, అదీ సెల్ఫ్ మోటార్ కంటే పొడుగ్గా! రీప్లేస్ వాల్యూస్‌లో గీత బదులు నల్ (అంటే నిజమైన ఖాళీ) పెట్టాక పోయింది, అదీ అన్‌పివట్‌కి ముందే చేయాలి. బ్రేక్, బ్రేక్స్, బ్రేకు అని మూడు రకాలుగా రాసినవి కూడా అక్కడే సరిచేశా. ఇప్పుడు ఎక్సెల్‌లో డ్రాప్‌డౌన్ పెట్టేశాను, ఇష్టమొచ్చినట్టు రాయడం కుదరదు.

అసలు దెబ్బ లేబర్ చార్జీల దగ్గర తగిలింది, తప్పు నాదే. ఉన్న టేబుల్‌నే అన్‌పివట్ చేశా. మూడు జబ్బులున్న కార్డు మూడు వరసలైంది, దాని లేబర్ కూడా మూడుసార్లు పడింది. ఓనరు గారు మొత్తం చూసి "ఇంత ఎప్పుడు సంపాదించామమ్మా, నాకు చెప్పకుండా?" అన్నారు. అందుకే అసలు టేబుల్‌ని ముట్టుకోకుండా దానికి రిఫరెన్స్ (దాని నుంచే డేటా తీసుకునే ఇంకో టేబుల్) తీసి, అన్‌పివట్ అందులో చేసి, రెండింటినీ జాబ్ కార్డు నంబరుతో కలపండి. డబ్బు పాత టేబుల్‌లోంచి, జబ్బులు కొత్త టేబుల్‌లోంచి. ఇంకో సంగతి, బ్రేక్ 175 అంటే 175 కార్డులు కాదు. ముందు బ్రేకులు ఒక గడిలో, వెనక బ్రేకులు ఇంకో గడిలో రాసినవి ఏడున్నాయి, కార్డు నంబరుకి డిస్టింక్ట్ కౌంట్ (ఒక నంబరు ఎన్నిసార్లొచ్చినా ఒక్కసారే లెక్క) పెడితే 168. సరుకు తెప్పించడానికి మొదటి అంకె, ఎన్ని కార్డుల్లో ఆ పని పడిందో చెప్పడానికి రెండోది.

డెస్క్‌టాప్ వెర్షన్ ఉచితం, విండోస్‌లో మాత్రమే నడుస్తుంది. ఆన్‌లైన్‌లో పదిమందితో పంచుకోవాలంటే డబ్బు కట్టాలి. నేను పీడీఎఫ్ తీసి ఓనరు గారికి వాట్సాప్‌లో పంపేస్తున్నా, మా షెడ్డుకి అది చాలు. అయిదుకి నాలుగు స్టార్లు, ఆ ఒక్కటీ ఎందుకు కోశానంటే అన్‌పివట్ అనే పేరు చూసి అది దేనికో ఎవరికి తడుతుంది, నాకు తట్టడానికి రెండు సాయంత్రాలు పట్టింది. నిన్న మేస్త్రి గారు కంప్లైంట్ 4 గడి కూడా కొట్టించమన్నారు. ఈసారి కార్డు నంబరు, తేదీ, మేస్త్రి, లేబర్ కాలమ్‌లు పట్టుకుని 'అన్‌పివట్ అదర్ కాలమ్స్' (పట్టుకున్నవి వదిలి మిగతావన్నీ నిలువు చేసేది) కొట్టి ఉంచా, నాలుగోది వస్తే దానంతటదే చేరిపోతుంది.