కచేరీల కోసం ఖాళీ సీడీలు: నా వాడకంలో తేలినవి

మా ఇంట్లోని కర్ణాటక కచేరీల క్యాసెట్లు, హరికథల టేపులు సీడీల్లోకి ఎక్కించే పని ఏళ్ల తరబడి నేనే చూసుకున్నాను. ఖాళీ సీడీ కొనేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: పెట్టె మీద పెద్దగా వేసిన 52ఎక్స్ అనే ఎక్కింపు వేగం అంకెను పట్టించుకోకండి, అడుగున ఉన్న రంగు పూత ఏదో చూడండి.

లేజరు గుర్తులు పెట్టేది ఆ పూతలోనే. ముదురు నీలంగా కనిపించే అజో అనే రంగు పూత ఉన్న వెర్బాటిమ్ కంపెనీ సీడీలు కాకినాడ ఉక్కను తట్టుకుని ఇప్పటికీ ఎక్కడా ఆగకుండా పాడుతున్నాయి. పెట్టె మీద అజో అని ఉందో లేదో మాత్రం చదివి కొనండి. వెర్బాటిమ్ పేరుతోనే వేరే పూతవీ వస్తాయి. జపాన్‌లో తైయో యూడెన్ చేసినవి నాకు ఇంకా ఇష్టం. 2015లో ఆ సంస్థ తయారీ మానేయడం నిజంగా నష్టం. వాటిది సయనిన్ అనే మరో రకం రంగు పూత, ఎండ తగలనివ్వకూడదు.

పేరు లేకుండా విడిగా అమ్మే చౌక సీడీల జోలికి పోవద్దు. కొన్ని వానాకాలాలు గడిచేసరికి వాటి పైపొర పొరలుగా లేచిపోయింది. వెలుగును తిప్పికొట్టే లోహపు పొర ఉండేది పేరు రాసే వైపే, సన్నని లక్క పూత కింద. అందుకే ఆ వైపు గీతలు పడితే పాట పోయినట్టే. బాల్‌పెన్నుతో రాయకండి, స్టిక్కర్లు అంటించకండి.

మ్యూజిక్ అని అచ్చువేసిన ఖరీదైన సీడీల్లో నాదం మెరుగ్గా ఉండదు. కంప్యూటర్ లేకుండా నేరుగా ఎక్కించే హోమ్ ఆడియో రికార్డర్లు మామూలు సీడీలను ఒప్పుకోవు కాబట్టి, అవి ఉన్నవాళ్లకే ఇవి కావాలి.

నిడివి మరో చిక్కు. సీడీకి 80 నిమిషాలే, మన క్యాసెట్లలో చాలావరకు 90 నిమిషాలవి. రాగం తానం పల్లవిని మధ్యలో తెంచడానికి మనసొప్పదు గనుక క్యాసెట్ ఒక్కో వైపును ఒక్కో సీడీకి ఎక్కిస్తాను. 90 నిమిషాల సీడీలూ ఉన్నాయి గానీ, అవి ప్రమాణానికి మించినవి; మా కారు ప్లేయరు వాటిని చదవనే లేదు.

ఎక్కించేటప్పుడు డిస్క్ ఎట్ వన్స్, అంటే సీడీ మొత్తాన్ని మధ్యలో ఆపకుండా ఒకేసారి ఎక్కించే పద్ధతి ఎంచుకోండి. లేకపోతే ఆలాపనకూ కృతికీ నడుమ రెండు సెకన్ల మౌనం దూరుతుంది. వేగం 16ఎక్స్ దగ్గర ఉంచితే నా డ్రైవులో అన్నిటికంటే నికరంగా వచ్చింది.