పాత బ్రౌనింగ్ హై పవర్: 12 ఏళ్ల వాడకం తర్వాత

నా దగ్గరున్న బ్రౌనింగ్ హై పవర్ పిస్టల్ 1960ల చివర్లో తయారైంది. ఏళ్ల తరబడి డ్యూటీ చేశాక లైసెన్సు మీద నా చేతికొచ్చింది. 12 ఏళ్లుగా నెలకు రెండుసార్లు షూటింగ్ రేంజికి తీసుకెళుతున్నాను. పాత సర్వీసు పిస్టల్ కొందామనుకునేవాళ్లు మొదట అడిగేది, ఇంకా పనికొస్తుందా అని. భేషుగ్గా పనికొస్తుంది, స్ప్రింగుల సంగతి పట్టించుకుంటే.

దీని అసలు సుఖమంతా పట్టులో ఉంది. రెండు వరసల్లో 13 తూటాలు పట్టే మ్యాగజైన్ లోపలున్నా పిడి లావుగా అనిపించదు. దీన్ని మొదలుపెట్టిన జాన్ బ్రౌనింగ్ 1926లో చనిపోయాక ఈ డిజైన్‌ని పూర్తి చేసినవాడు బెల్జియంలోని ఎఫ్.ఎన్. ఆయుధాల కార్ఖానాలో పనిచేసిన ద్యుడోన్నె సైవ్. ఆ రెండు వరసల మ్యాగజైన్ కూడా ఆయన పనితనమే. 1935లో బెల్జియం సైన్యం దీన్ని తీసుకుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా పిడి చేతిలో ఒదిగిన ప్రతిసారీ ఆయనకు మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

ట్రిగ్గర్ మాత్రం అంత సాఫీగా ఉండదు. మ్యాగజైన్ తీసేస్తే పేలకుండా ఆపే అమరిక ఒకటుంది. ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా అది మ్యాగజైన్ ముందు గోడకు రాసుకుంటుంది, వేలికి గరగర తెలుస్తుంది. బటన్ నొక్కినా మ్యాగజైన్ జారిపడదు, చేత్తో లాగాల్సిందే. ఆ అమరికను తీయించెయ్యమని చాలామంది చెప్పారు, నేను ఒప్పుకోలేదు. రక్షణ కోసం పెట్టినదాన్ని సుఖం కోసం తీసేయడం నాకు ఇష్టం లేదు. మ్యాగజైన్ గోడను నున్నగా మెరుగుపెడితే గరగర సగానికి సగం తగ్గింది. అలాగని ఆ అమరికను నమ్ముకుని, ఛాంబర్‌లో (పేలే ముందు తూటా కూర్చునే చోట) ఏమైనా ఉందేమో చూసుకోవడం మానకూడదు.

పిస్టల్ వెనకున్న రింగు ఆకారపు సుత్తి, అంటే హ్యామర్, వెనక్కి పడినప్పుడు బొటనవేలి పక్క చర్మాన్ని కొరుకుతుంది. పట్టు పిసరంత కిందికి దించాక నాకు ఆ బాధ తప్పింది. పెద్ద చేతులవాళ్లు కొనేముందు పేల్చి చూసుకోవాలి.

ఇక స్ప్రింగుల సంగతి. మూడో ఏడాది ఒకరోజు ఖాళీ షెల్లు రోజూ పడేచోట కాకుండా పక్క లేన్ దాటి పడటం మొదలైంది. పేల్చినప్పుడల్లా వెనక్కీ ముందుకీ కదిలే పైభాగం, అంటే స్లైడ్, చప్పుడూ మారింది, లోహం లోహాన్ని కొట్టినట్టు పొడిగా వినిపించింది. అక్కడితో ఆపేసి ఇంటికొచ్చి విప్పాను. స్లైడ్‌ని తిరిగి ముందుకు నెట్టే రీకాయిల్ స్ప్రింగును కొత్తదాని పక్కన పెడితే పాతది వేలెడు పొట్టిగా ఉంది. అలాగే కాలుస్తూ పోతే స్లైడ్ దెబ్బంతా ఫ్రేమ్ మీద పడేది. స్ప్రింగు చవకగా మార్చుకోవచ్చు, పగిలిన ఫ్రేమ్‌కి మందు లేదు. 17 పౌండ్ల బలమున్న కొత్త స్ప్రింగు వేశాక షెల్లు మళ్లీ పాతచోటే పడ్డాయి. అప్పట్నుంచీ ఎన్ని కాల్చానో పుస్తకంలో రాసుకుంటున్నాను, 3,000 దాటగానే మార్చేస్తాను. ఎక్కువ ఒత్తిడి లోడు తూటాలు ఈ వయసు పిస్టల్‌కి వద్దు.

తూటా విషయంలో ఇంకొకటి. పాత మోడళ్లలో ఫీడ్ ర్యాంప్ మీద, అంటే తూటాను ఛాంబర్‌లోకి ఎక్కించే వాలు మీద, చిన్న మిట్ట ఉంటుంది. పైన లోహపు తొడుగుండి గుండ్రటి ముక్కున్న ఫుల్ మెటల్ జాకెట్ తూటా సాఫీగా ఎక్కుతుంది, ముక్కులో గుంట ఉన్న హాలో పాయింట్ తూటా అక్కడ తగులుకుని ఆగిపోతుంది. తూటా ఇరుక్కుపోవడం నాకు ఎదురైన మిగతాసార్లన్నీ చవక మ్యాగజైన్ల వల్లే. మంచివి పెట్టాక ఆ గొడవే లేదు.

విప్పడం తేలిక. మ్యాగజైన్ తీసి, ఛాంబర్ ఖాళీ అని కంటితో చూసి, వేలితో కూడా తడిమి, స్లైడ్ వెనక్కి లాగి సేఫ్టీని దాని గాడిలో వేస్తాను. కుడివైపు నుంచి నెడితే స్లైడ్‌ని పట్టి ఉంచే మీట, స్లైడ్ స్టాప్, ఎడమవైపు ఊడొస్తుంది. స్లైడ్ జారే పట్టాల మీద, బ్యారెల్ కిందున్న క్యామ్ అనే మలుపు గాడి దగ్గర ఒక్కో చుక్క నూనె చాలు. పిడి మీది చెక్క పలకలు నూనె తాగితే మెత్తబడతాయి, అందుకని ముందే తీసి పక్కన పెడతాను.

ఒక వానాకాలం తోలు హోల్‌స్టర్‌లోనే దాచాను. తోలు పీల్చుకున్న చెమ్మకి స్లైడ్ ఎడమ చెంప మీద గోధుమరంగు చుక్కలు లేచాయి. నూనెలో ముంచిన మెత్తటి గుడ్డతో రెండు సాయంత్రాలు రుద్దితే తుప్పు పోయింది, దాని కింద గుంటలు మిగిలాయి. ఇప్పుడు నూనె గుడ్డతో తుడిచి, సిలికా జెల్ సంచి పక్కన పెట్టి, తాళం వేసిన పెట్టెలో ఉంచుతున్నాను. తోలు హోల్‌స్టర్ వేరే అరలో ఉంటుంది.