కారు ఫ్రిజ్ కరెంటు ఎంత లాగుతుంది? చాలాకాలం వాడాక తేలిన లెక్క

40 లీటర్ల పోర్టబుల్ కంప్రెసర్ ఫ్రిజ్ ఇది. ఎండల్లో, చలిలో, కారు డిక్కీలో, టెంటు పక్కన అన్నిచోట్లా వాడాను. చల్లదనం గురించి పెద్దగా చెప్పాల్సిందేమీ లేదు. మైనస్ 18 పెడితే మైనస్ 18కి దిగుతుంది. టెన్షనంతా బ్యాటరీ గురించే.

దీని మీద 45 వాట్లు అని రాసి ఉంది. దాన్ని 24 గంటలతో గుణిస్తే 1080 వాట్ అవర్లు. అంత బ్యాటరీ ఎక్కడ మోస్తాం అనిపిస్తుంది. కానీ కంప్రెసర్ రోజంతా తిరగదు. లోపల చల్లబడగానే ఆగుతుంది, కాస్త వేడెక్కాక మళ్లీ అందుకుంటుంది. గంటలో ఎన్ని నిమిషాలు తిరుగుతోందన్నదే అసలు లెక్క. వైరు మధ్యలో వాట్ మీటరు పెట్టి చూశాను. 4 డిగ్రీల సెట్టింగులో, బయట 25 డిగ్రీలున్న రోజున 250 వాట్ అవర్ల దరిదాపుల్లో ఖర్చయింది. ఎండలో ఆపిన కారులో అదే ఫ్రిజ్, అదే సెట్టింగు దాదాపు రెట్టింపు తిన్నాయి. కంప్రెసర్ లేకుండా కరెంటుతోనే చల్లబరిచే థర్మోఎలక్ట్రిక్ కూలర్లతో పోల్చడం అనవసరం. వాటిలో చాలావరకు ఆగకుండా కరెంటు లాగుతూనే ఉంటాయి, అయినా బయటి వేడి కంటే ఓ 15, 20 డిగ్రీలకు మించి దించలేవు.

మూత మాటిమాటికీ తీయొద్దని అందరూ చెబుతారు. నాకైతే అదంత పెద్ద విషయం కాదు. మూత పైన ఉంటుంది కాబట్టి చల్లగాలి బరువుకి లోపలే ఉండిపోతుంది. మొత్తం 40 లీటర్ల గాలీ మారిపోయిందనుకున్నా, తేమ సంగతి పక్కన పెడితే, ఆ గాలిని 30 డిగ్రీలు చల్లార్చడానికి తీయాల్సిన వేడి అర వాట్ అవర్ కూడా ఉండదు. అదే 35 డిగ్రీల్లో ఉన్న లీటరు నీళ్ల సీసా పెట్టారా, 5 డిగ్రీలకు దించేలోపు దాంట్లోంచి దాదాపు 35 వాట్ అవర్ల వేడి తోడాలి. అలాంటివి పది పెడితే 350. ఒక వాట్ అవర్ కరెంటుతో కంప్రెసర్ ఒక వాట్ అవర్‌కి మించే వేడిని బయటపడేస్తుంది, నిజమే. అయినా చల్లటి రోజున ఫ్రిజ్ మొత్తం తినేదానికి దగ్గరగా ఆ పది సీసాలే తినేస్తాయి. అందుకే బయల్దేరే ముందు రాత్రే ఇంటి కరెంటు మీద ఫ్రిజ్‌నీ సామాన్నీ చల్లబరుస్తాను. బ్యాటరీకి ఇంతకు మించి మేలు చేసే చిట్కా నాకు కనబడలేదు.

రెండోది గాలి. వేడి బయటికి పోయే జాలీకి బ్యాగులు ఆనించి పెడితే కంప్రెసర్ ఆగడమే మరిచిపోతుంది. ఫ్రిజ్‌కి వేడి తగలకుండా విడిగా అమ్మే తొడుగు వేడి కారులో బాగానే పనికొస్తుంది, జాలీని మూయనంతవరకు.

నాకు నచ్చనిది ఫ్రిజ్‌తో ఇచ్చిన సన్నటి వైరు. ఫ్రిజ్ దాదాపు 4 ఆంపియర్లు లాగుతుంది, కంప్రెసర్ అందుకునేటప్పుడు ఇంకా ఎక్కువ. పొడవాటి సన్న వైరులో వోల్టేజీ పడిపోయి, బ్యాటరీ నిండుగా ఉన్నా లో వోల్టేజ్ కటాఫ్ (వోల్టేజీ తగ్గితే బ్యాటరీ పూర్తిగా అయిపోకుండా ఫ్రిజ్‌ని ఆపే ఏర్పాటు) పనిచేసి ఫ్రిజ్ ఆగిపోతుంది. లావు వైరు వేయించాక ఆ గొడవ పోయింది. కటాఫ్‌కి మూడు స్థాయిలున్నాయి. కారు స్టార్ట్ అయ్యే బ్యాటరీ మీద నడిపితే, స్టార్ట్‌కి చార్జ్ మిగిలేలా హై, విడి బ్యాటరీ అయితే లో. పవర్ స్టేషన్ (వెంట తీసుకెళ్లే, సాకెట్లున్న బ్యాటరీ పెట్టె) ఉంటే 12 వోల్టుల సాకెట్‌కే తగిలించండి. ఇంటి కరెంటు లాంటి ఏసీ సాకెట్ వాడితే, బ్యాటరీ కరెంటుని ఏసీగా మార్చే ఇన్వర్టర్ ఊరికే కొంత తినేస్తుంది.

12.8 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 1280 వాట్ అవర్లుంటాయి. మండుటెండల్లో రెండు రోజులు, చల్లటి వాతావరణంలో నాలుగు రోజులకు పైగా వస్తుంది. సోలార్ పెట్టాలనుకుంటే కారు పైన బిగించే ప్యానెల్ కంటే మడతపెట్టేదే మేలు. పైన బిగిస్తే దాని కోసం కారునీ ఎండలో ఉంచాలి, అప్పుడు ఫ్రిజ్ ఖర్చు పెరుగుతుంది. నేను కారుని నీడలో ఆపి, లావు వైరు లాగి ప్యానెల్‌ని మాత్రం ఎండలో పరుస్తాను.