రెండు చక్రాల కారు కిట్టుతో తరగతి గదిలో రోబో కుస్తీ

ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ 'స్మార్ట్ రోబో కారు కిట్టు' అనే పేరుతో రెండు వేల రూపాయలకు కాస్త అటూ ఇటూగా దొరికే పెట్టెను మా బడి ల్యాబులో ఎనిమిది, తొమ్మిది తరగతుల విద్యార్థుల రోబో కుస్తీకి (రెండు రోబోలు ఒకదాన్నొకటి గుండ్రటి గోదా బయటికి తోసుకునే ఆట) వాడిన మీదట ఈ సమీక్ష రాస్తున్నాను. అమ్మేవారి పేరు మారినా లోపలి సరుకు దాదాపు ఒకటే కనుక ఫలానా కంపెనీది అని చెప్పవలసిన అవసరం కనిపించదు. పారదర్శకమైన అక్రిలిక్ పలక, బీఓ మోటార్లు అని పిలిచే, ప్లాస్టిక్ గేర్లున్న పసుపు రంగు చిన్న మోటార్లు రెండు, వాటికి చక్రాలు, ముందు భాగాన ఒక క్యాస్టర్ (ఎటైనా తిరిగే ఆధారపు చక్రం), ప్రోగ్రాము ఎక్కించే ఆర్డుయినో ఊనో తరహా బోర్డు, మోటార్లకు విద్యుత్తు అందించి నడిపించే ఎల్298ఎన్ మోటార్ డ్రైవర్, శబ్దపు ప్రతిధ్వనితో దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సార్, పరారుణ కాంతితో నలుపు తెలుపులను గుర్తించే రెండు ఐఆర్ సెన్సార్లు, నాలుగు ఏఏ బ్యాటరీలు పట్టే డబ్బా, గుప్పెడు జంపర్ తీగలు ఇందులో ఉంటాయి. గీత వెంట నడవడం, అడ్డంకిని తప్పించుకోవడం అనే రెండు పనులకు ఈ కిట్టును తయారు చేశారు. కుస్తీలో ఆ రెండూ తలకిందులవుతాయి: అడ్డంకిని వెతికి పట్టుకుని నెట్టాలి, గీత కనబడగానే వెనక్కి తగ్గాలి. సెన్సార్లు మాత్రం అవే సరిపోతాయి కనుక ఈ కిట్టును ఎంచుకోవడంలో అర్థముంది.

ఈ కుస్తీకి మూలం 1980ల చివర్లో జపాన్‌లో మొదలైన రోబో సుమో. ఆ పోటీల్లో 3 కిలోల బరువు విభాగానికి రోబో అడుగు కొలత 20 సెంటీమీటర్ల చదరం, గోదా వ్యాసం 154 సెంటీమీటర్లు. చిన్న రోబోల విభాగమైన మినీ సుమోకు ఇవి 10, 77 సెంటీమీటర్లు కాగా బరువు 500 గ్రాములు దాటకూడదు. ఈ కిట్టులోని పలక ఒక్కటే 20 సెంటీమీటర్ల పొడవుంటుంది, చక్రాలు బిగించాక వెడల్పూ తక్కువేమీ కాదు. అందువల్ల మినీ సుమోలో దీన్ని యథాతథంగా దింపడం అసాధ్యం. తరగతి పోటీకి సొంత నియమాలు రాసుకోవడమే మేలు. 25 సెంటీమీటర్ల చదరంలో ఇమడాలి, కిలో దాటకూడదు అని మేము పెట్టుకున్నాం. ఎనిమిదడుగులకు నాలుగడుగుల ప్లైవుడ్ నుంచి కోసిన 120 సెంటీమీటర్ల వృత్తానికి మెరుపు లేని నల్ల రంగు వేసి, అంచున 5 సెంటీమీటర్ల తెల్ల పట్టీ గీశాం. తెల్ల టేపు అంటిస్తే రోబో ముందు పలక దాన్ని చీల్చుకుపోతుంది, రంగే వేయాలి.

కిట్టు అసలు బలహీనత చక్రాల్లో ఉంది. నెట్టే శక్తి మోటారు నుంచి వస్తుందని విద్యార్థులు మొదట నమ్ముతారు, కానీ లెక్క వేరే చెబుతుంది. బీఓ మోటారు 6 వోల్టుల వద్ద ఆగిపోయే ముందు సుమారు 0.8 కిలో-సెంటీమీటరు టార్క్ (తిప్పే బలం) ఇస్తుంది, చక్రం వ్యాసార్ధం 3.25 సెంటీమీటర్లు, కనుక ఒక్కో చక్రం 250 గ్రాములు, రెండూ కలిసి అర కిలో బరువుకు సమానమైన తోపు ఇవ్వగలవు. అయితే కిట్టుతో వచ్చే టైర్ల రబ్బరు గట్టిది, పైగా క్యాస్టర్ తన వంతు బరువును తాను మోస్తుంది. చక్రాల మీద 400 గ్రాములు పడి ఘర్షణ గుణకం (నేలను పట్టే బలానికీ మీద పడే బరువుకూ ఉన్న నిష్పత్తి) 0.5 ఉంటే నేలను పట్టే బలం 200 గ్రాములకు మించదు. అంటే మోటారు బలంలో సగం పైగా చక్రం జారిపోవడంలోనే ఖర్చవుతుంది. పాత సైకిల్ ట్యూబును పట్టీలుగా కోసి చక్రాలకు తొడిగిన జట్టు, ప్రోగ్రాములో ఎక్కువ శ్రమ పెట్టిన జట్టును అవలీలగా గోదా బయటికి తోసేసింది. నట్లు, వాషర్లు చక్రాల ఇరుసుకు సరిగ్గా పైన కట్టడం తర్వాతి మెట్టు. దానికీ హద్దుంది: రోబో కిలో దాటిందంటే పట్టు మోటారు బలాన్ని మించిపోతుంది, చక్రం జారే బదులు మోటారు ఆగిపోతుంది, లోపలి ప్లాస్టిక్ గేర్ల పళ్లు అరిగిపోతాయి. మా బరువు నియమానికి కారణం అదే.

విద్యుత్తు విషయంలో కిట్టును సమర్థించడం కష్టం. నాలుగు ఏఏ బ్యాటరీలు ఇచ్చే 6 వోల్టుల్లో సుమారు 2 వోల్టులను ఎల్298ఎన్ వేడి రూపంలో మింగేస్తుంది, మోటారుకు చేరేది 4 వోల్టులే. పైన చెప్పిన అర కిలో తోపు మూడింట రెండు వంతులకు పడిపోతుంది. మోటార్లు ఒక్కసారిగా దిశ మార్చినప్పుడు వోల్టేజీ కుంగి బోర్డు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది, ప్రత్యర్థి ఎదుట రోబో నిశ్చేష్టంగా నిలబడిపోతుంది. మళ్లీ మళ్లీ ఛార్జ్ చేసుకోగల 18650 రకం లిథియం సెల్స్ రెండు పెడితే ఈ బాధ చాలావరకు తీరుతుంది, అయితే ఛార్జింగ్ బాధ్యత ఉపాధ్యాయుడి చేతిలోనే ఉండాలి. బజారులో 9900 ఎంఏహెచ్ (సెల్ సామర్థ్యపు కొలత) అని అచ్చేసి అమ్మే సెల్స్‌ను నమ్మకండి. ఆ పరిమాణంలో మంచి సెల్ సామర్థ్యం సుమారు 3500 ఎంఏహెచ్ మాత్రమే. ఖర్చు భరించగలిగితే మోటార్ డ్రైవర్‌ను కూడా టీబీ6612 రకానికి మార్చవచ్చు, అందులో వోల్టేజీ నష్టం చాలా తక్కువ.

సెన్సార్లు ధరకు తగినవే. ఐఆర్ సెన్సార్లను నేలకు సెంటీమీటరు ఎత్తులో బిగించి, వాటి మీది చిన్న స్క్రూతో గోదా రంగులకు సరిచేస్తే తెల్ల అంచును చక్కగా గుర్తిస్తాయి, కాకపోతే కిటికీ ఎండ పడితే తికమకపడతాయి కనుక పోటీని తెరలు వేసి నిర్వహించాలి. అల్ట్రాసోనిక్ సెన్సార్‌తో వచ్చే చిక్కు సూక్ష్మమైనది. ఎదుట ఏమీ లేనప్పుడు అది ప్రతిధ్వని కోసం సుమారు 38 మిల్లీసెకన్లు వేచి ఉంటుంది. కిట్టుతో ఇచ్చిన నమూనా ప్రోగ్రాము అంతసేపూ అంచు సెన్సార్లను చూడదు. నిమిషానికి 200 చుట్లు తిరిగే చక్రంతో రోబో ఆ వ్యవధిలో రెండున్నర సెంటీమీటర్లు, అంటే తెల్ల పట్టీలో సగం, దాటేస్తుంది. వేచి ఉండే సమయాన్ని 6 మిల్లీసెకన్లకు కుదిస్తే మీటరు దూరం దాకా చూపు మిగులుతుంది, మా గోదాకు అది చాలు. ఇదే సెన్సార్ మరో ముచ్చటకు దారితీసింది: ఏటవాలు ముఖం నుంచి శబ్దం పక్కకు మళ్లిపోతుందని తెలిసిన పిల్లలు తమ రోబోల ముందు వాలుగా రేకు బిగించారు. దాంతో అవి ప్రత్యర్థికి సరిగ్గా కనబడవు, పైగా దాని ముందు భాగాన్ని పైకెత్తి చక్రాల పట్టు తప్పిస్తాయి. పోటీలో రూపకల్పన అని నిజంగా చెప్పదగింది ఇక్కడే జరిగింది. అక్రిలిక్ పలకకు రంధ్రాలు విరివిగా ఉండడం ఇలాంటి మార్పులకు బాగా కలిసివచ్చింది. డ్రిల్లుతో కొత్త రంధ్రం వేస్తే మాత్రం పలక పగిలే ప్రమాదం ఉంది.

సూచనల పత్రం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, బొమ్మలు మసకగా ఉన్నాయి. చాలా కుస్తీ పోటీల్లో మీట నొక్కిన 5 సెకన్ల తర్వాతే రోబో కదలాలి. కిట్టులో ఆ మీట లేదు, పది రూపాయల లోపు దొరికే పుష్ బటన్ కలుపుకోవాలి. బోర్డును కంప్యూటర్‌తో కలిపే చిప్ సీహెచ్340 రకం అయితే పాత కంప్యూటర్లలో దాని డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌ను ముందే ఎక్కించి ఉంచండి, లేకపోతే మొదటి పీరియడ్ దానికే సరిపోతుంది.

అధికారిక మినీ సుమో పోటీలకు వెళ్లదలచిన జట్టు ఈ కిట్టు జోలికి పోకుండా ఎన్20 అనే చిన్న మెటల్ గేర్ మోటార్లతో మొదలుపెట్టడం మంచిది. తరగతిలో నలుగురేసి విద్యార్థుల జట్లతో పోటీ పెట్టదలచిన ఉపాధ్యాయులకు దీన్ని నిస్సంకోచంగా సిఫార్సు చేస్తాను. ట్యూబు, బటన్, సెల్స్, వాటి డబ్బా, ఛార్జర్ కోసం విడిగా కొంత సొమ్ము కేటాయించుకోవాలి. ప్రతి కిట్టుకూ రెండు బీఓ మోటార్లు అదనంగా తెచ్చిపెట్టుకోండి. హైదరాబాద్ వారికైతే కోఠీ గుజరాతీ గల్లీలో అవి విడిగా దొరుకుతాయి.